గొర్రెల అరుపులూ వేరు కాపురమూ

ఆ ఆదివారం మమ్మల్ని వెళ్లగొట్టడానికి మైరాంబెక్ అన్న ఇంట్లో గొర్రెమాంసం వండారు. మర్యాదకేం లోటు లేదు. మా బిష్కెక్‌లో ఎవరినైనా పొమ్మనాలన్నా ముందు కడుపు నిండా పెట్టాకే అంటాం.

వెళ్లగొట్టేది నన్నూ, కుబాన్‌నూ. కొండ కనుమల్లో వాతావరణం ఎలా ఉందో చెప్పే సాఫ్ట్‌వేర్ మేమిద్దరం చూసుకుంటాం. దారుల పటం చూపించే సాఫ్ట్‌వేర్‌ను మైరాంబెక్ అన్న, సుయూన్, ఇంకో నలుగురు చూసుకుంటారు. రెండూ ఓపెన్ సోర్సే. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఓపికుంటే లోపాలు సరిచేయవచ్చు. పటం పదేళ్ల నాటిది. మాది మూడేళ్ల కింద దాని కడుపునే పుట్టింది. రెండింటికీ పేరు ఒక్కటే, ఫోన్లో గ్రూపూ ఒక్కటే. దేశంలోని గొర్రెల కాపర్లూ లారీ డ్రైవర్లూ అంతా అందులోనే ఉన్నారా అనిపిస్తుంది.

గొడవంతా అక్కడే. ఒక వంతెన ఏ మలుపు దగ్గరుందో పటం వాళ్లు శ్రద్ధగా వాదించుకుంటూ ఉంటారు. ఇంతలో ఓ కాపరి "కనుమ మీద మంచు మొదలైందర్రోయ్!" అని గొంతు రికార్డు చేసి పెడతాడు. వెనకాల మందకు మందంతా అరుస్తుంది. కాపర్లందరిలోకీ జుమాష్ తాత మరీనూ. మంచు సంగతి ఒక్క ముక్కలో తేల్చేసి, తన మోకాలి నొప్పి గురించి తీరిగ్గా చెబుతాడు.

నాకు మాత్రం ఆ అరుపులే ప్రాణం. ఏ కనుమ తెరిచి ఉందో ఆ మనుషులు చెబితేనే మా సాఫ్ట్‌వేర్‌కు తెలుస్తుంది. పోయిన చలికాలం తాత మాట విని, పిల్లలతో వెళ్తున్న బస్సొకటి తో-ఆషూ కనుమ కిందే ఆగిపోయింది. కాసేపటికే పైన దారి పూర్తిగా మూసుకుపోయింది. ఆ గ్రూపు పోతే మా పని చచ్చినట్టే. కొత్త గ్రూపులోకి రమ్మంటే ఎవరొస్తారు? ఈ గ్రూపు తెరవడం తాతకు నేర్పేసరికే వాళ్ల కోడలికి తల ప్రాణం తోకకొచ్చింది.

టీ పోస్తూ సుయూన్ మొదలుపెట్టాడు.

"బెగాయిమ్ అక్కా, మనసులో పెట్టుకోకు. మీ పని బాగా పెరిగిపోయింది. మీ గ్రూపు మీరు పెట్టేసుకుంటే మీకూ హాయి, మాకూ హాయి."

"మాకేం హాయిరా? నీకు నిద్ర పడుతుందని చెప్పు."

"ఎలా పడుతుంది? నిన్నొచ్చిన మెసేజీల్లో సగం 'మే మే'లే!"

"ఆ గొర్రెలు నీకంటే నయం. పనుంటేనే నోరు తెరుస్తాయి."

కుబాన్ నవ్వుతూ ఇంకో బోర్సోక్ నోట్లో వేసుకున్నాడు. వేయించిన ఆ పిండి ముక్కలు దొరికితే వాడికి లోకం మునిగినా పట్టదు.

మైరాంబెక్ అన్న చెయ్యెత్తాడు. పటాన్ని ఒంటిచేత్తో మొదలుపెట్టిన మనిషి. ఆయన మాటంటే అందరికీ గురి.

"కలిసుండి రోజూ కీచులాడుకునే కన్నా విడిపోవడమే మంచిదమ్మా. నాకూ అలాగే అనిపిస్తోంది."

వాళ్లు ఆరుగురు, మేం ఇద్దరం. ఇక ఓట్లెందుకు?

గెలుపు ఖాయమయ్యాక సుయూన్‌లో ఉదారత పొంగుకొచ్చింది. టీ గిన్నె పట్టుకుని లేచి, పెళ్లిలో మాట్లాడినట్టు గొంతు సవరించుకున్నాడు.

"మనం కిర్గిజులం! వట్టి చేతులతో పంపం. కొడుక్కి పెళ్లి చేసి, కొత్త గుడారం వేసి, మందలోంచి వాటా ఇచ్చి పంపినట్టే పంపుదాం. అంతా మన ఆచారం ప్రకారం! ఏమంటారు?"

అందరూ చప్పట్లు కొట్టారు. మైరాంబెక్ అన్న కళ్లు కూడా తుడుచుకున్నాడు.

"ఆచారం ప్రకారమేగా?" అన్నాను.

"తూచా తప్పకుండా!"

"అందరూ విన్నారుగా?"

"విన్నాం, విన్నాం."

"సుయూన్, మీ ఇంట్లో నువ్వు పెద్దకొడుకువి కదూ?"

"అవును."

"పెళ్లయ్యాక వేరు కాపురం పెట్టిందెవరు?"

"నేనే."

"మరి మీ నాన్న ఇల్లు, పొయ్యి ఎవరికొచ్చాయి?"

"తమ్ముడికి. ఎక్కడైనా చిన్నోడికే కదా..."

ఎత్తిన టీ గిన్నె గాల్లోనే ఉంది.

"అదీ! చిన్నోడు తండ్రి పొయ్యి దగ్గరే ఉంటాడు. పెద్దోళ్లు వాటా తీసుకుని బయటికి నడుస్తారు. ఇక్కడ చిన్నోళ్లం మేం. పేరు మాది, గ్రూపు మాది. మీకేం కావాలో అడగండి, ఇచ్చి సాగనంపుతాం."

మైరాంబెక్ అన్న ఒక్కసారిగా తొడ చరిచి నవ్వాడు.

"నీ నోటితో నువ్వే దొరికిపోయావు కదరా!"

"అన్నా, పదేళ్ల పేరన్నా!"

"ఆచారమన్నది నువ్వేగా. అయినా పటం ఎక్కడున్నా పటమే, వెతుక్కుంటూ వస్తారు. ఆ కాపర్లని వీళ్లు మళ్లీ ఎక్కడినుంచి పోగు చేసుకుంటారు?"

అలా పటం వాళ్లే కొత్త గుడారం వేసుకున్నారు. వాటాగా సర్వర్ అడిగితే ఇచ్చేశాం. మా గ్రూపులో గొర్రెలు ఎవరికీ భయపడకుండా అరిచాయి. నా సంతోషం అంతా ఇంతా కాదు.

కొన్నాళ్లకు సుయూన్ ఫోన్ చేశాడు.

"ఎలా ఉందిరా కొత్త కాపురం? హాయిగా ఉందా?"

"హాయిగానే ఉందక్కా." అన్నాడు. "మరీ హాయిగా ఉంది. పొద్దున పటంలో ఓ వంతెన పెట్టా. తప్పని తిట్టేవాడు లేడు, ఒప్పని మెచ్చుకునేవాడు లేడు. అసలా వంతెన ఉందో లేదో చెప్పే దిక్కే లేదు."

నవ్వబోయి ఆగాను. జాలేసింది. కొత్తగా దిగిన గుడారానికి ఇరుగుపొరుగు వాళ్లు మొదటి భోజనం పట్టుకెళ్లాలి. అదీ మా ఆచారమే. గెలిచిన సంబరంలో నేనే మర్చిపోయాను. వెంటనే జుమాష్ తాత కోడలికి ఫోన్ చేశాను. పాపం, పటం వాళ్ల గ్రూపు తెరవడం ఆవిడ తాతకు మళ్లీ మొదటినుంచీ నేర్పింది.

మర్నాడు పటం వాళ్ల గ్రూపులో తాత గొంతు వినిపించింది.

"బాబూ సుయూన్, నువ్వు పెట్టిన వంతెన వరదకి కొట్టుకుపోయింది. అదుండాల్సిన చోటే నిలబడి చెప్తున్నా. కొత్తది కింద మలుపు దగ్గర కట్టారు. ఇక నా మోకాలి సంగతంటావా..."

అంతలో మంద అందుకుంది. తర్వాత ఒక్క ముక్కా వినపడలేదు.

సాయంత్రం సుయూన్ మళ్లీ ఫోన్ చేశాడు.

"అక్కా, తాతని వెనక్కి తీసుకెళ్లిపోవుగా?"

"భోజనం కింద పంపానురా. ఇవాళ్టికే."

"ఇంకొన్నాళ్లు ఉండనీ అక్కా. ఆ మోకాలికి ఏమైందో, గొర్రెల గోలలో సరిగ్గా వినపడలేదు."