గుండీ కళ్ళ కుందేళ్ళు

భర్త చొక్కాలకు ఇస్త్రీ చేస్తూ ఉండగా బొమ్మల దుకాణం ఆవిడ ఫోన్ చేసింది.

"అమ్మా, కొత్త చట్టం వచ్చింది. పిల్లలాడుకునేది ఏదైనా సరే పరీక్ష చేయించి పత్రం తేవాలట. ఒక్కో రకానికీ ఒక్కోటి. అది లేకపోతే వచ్చే నెలనుంచి మీ బొమ్మలు పెట్టుకోలేను. ఫారం పంపాను, చూడండి."

పన్నెండేళ్ళుగా ఆమె గుడ్డబొమ్మలు కుడుతోంది. వంట, గిన్నెలు, అత్తగారి మందులు అన్నీ అయ్యాక మిగిలిన ముక్కల్లాంటి గంటల్లో. ఆ పనికి ఇంట్లో పేరు కాలక్షేపం. "మా కోడలికి ఊరికే కూర్చోవడం చేతకాదు, ఏవో పీలికలు ముందేసుకుంటుంది" అని అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. కూతురి చదువు ఆ పీలికల మీదే గట్టెక్కిందని మాత్రం ఎవరూ అనలేదు.

ఫారం చూస్తే తల తిరిగింది. ఆమె చేసేవి ఇరవైమూడు రకాలు, ఒక్కోదానికీ విడిగా పరీక్ష ఫీజు. గోరంత బొమ్మకి కొండంత పరీక్ష. పెద్ద ఫ్యాక్టరీ ఒకే కుందేలుని లక్ష చేసి ఒక్క పత్రంతో బయటపడుతుంది. తనలాంటివాళ్ళ పొట్ట కొట్టడానికే ఈ చట్టం పెట్టారనిపించింది. అంతలో 'తయారీదారు' అన్న గడి దగ్గర చూపు ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆమెను ఆ మాటతో పిలిచినవాళ్ళు లేరు. ఏడవాలో గర్వపడాలో తెలియలేదు.

పసిపిల్లలు లాగితే ఊడివచ్చే భాగాలున్నాయా, అని తర్వాతి ప్రశ్న. లేవని రాయబోయి, ఎందుకో బుట్టలోంచి ఒక కుందేలుని తీసి కన్ను పట్టుకు లాగింది. రాలేదు. పిల్లలు పంటితో పీకినట్టు మళ్ళీ గట్టిగా లాగింది. గుండీ అరచేతిలోకి వచ్చి పడింది. పోయిన నెల ఆయన చవగ్గా తెచ్చిన దారం. "బొమ్మలకేగా, ఏదైతేనేం" అన్నాడప్పుడు. ఆ దారంతో కుట్టిన నలభై కుందేళ్ళు దుకాణానికి వెళ్ళిపోయాయి. కొన్ని ఈపాటికి ఏ పసిబిడ్డ నోటి దగ్గరున్నాయో!

గుండీ తీసుకెళ్ళి భర్తకి చూపించింది.

"ఇన్నాళ్ళూ ఎవరికైనా ఏమైనా అయిందా? లేనిపోనివి నెత్తికెత్తుకోకు. అయినా అవి నువ్వు చేశావని ఎవరికి తెలుసు? వాటిమీద నీ పేరేమన్నా ఉందా?"

ఓదార్పుగానే అన్నాడు. ఆ ఓదార్పే ఆమెను ఎక్కువ నొప్పించింది. చెబితే దుకాణం ఆవిడ ఇక నమ్ముతుందా? ఉన్న కాస్త పనీ పోతే? తప్పు పట్టడానికైనా సరే, ఇవి చేసిందెవరని అడిగింది ఆ కాగితమొక్కటే. అది తన పక్షమో, పగో ఎంత ఆలోచించినా తేలలేదు. తేలేదాకా ఆగడానికి అవతల పిల్లలున్నారు.

ఫోన్ తీసింది.

"ఆ కుందేళ్ళు అమ్మకండి. కళ్ళు ఊడుతున్నాయి. కొన్నవాళ్ళ నంబర్లుంటే ఇవ్వండి, నేనే మాట్లాడతాను."

అవతల దుకాణం ఆవిడ పుస్తకం తిరగేస్తున్న చప్పుడు.

"ఎవరని చెబుతారమ్మా?"

ఆమె తడబడింది. ఫలానావారి భార్యనని నాలుక చివరిదాకా వచ్చింది, అలవాటు కొద్దీ.

"వాటిని చేసినదాన్నని చెబుతాను."