జ్వరానికిచ్చిన శుక్రవారం

పొద్దున పదింటికి జ్వరం అంకబాబు ఒంట్లోంచి దిగి, అతని టైలర్ షాపులో స్టూలు మీద కూర్చుంటుంది. మర్యాద తెలిసిన జ్వరం, చెప్పులు బయటే విడిచింది.

"ఏం కుట్టాలండీ?" అంటాడు అంకబాబు. గొంతు నొప్పిగా ఉంది.

"కుట్టొద్దు. కొలిస్తే చాలు."

అంకబాబు టేపు తీస్తాడు. గుడ్డ కొనడానికి బెజవాడ వెళ్లినప్పుడు లాడ్జిలో ఒకామెతో జాగ్రత్త లేకుండా గడిపాడు. టేపు ఆ రోజు నుంచే మొదలవుతుంది. రోజుకో అంగుళం, మొత్తం ఇరవై ఒకటి. ఛాతీ మీద ఎర్రటి గుండుసూది తలలు లేచాయి. దవడ కింద రెండు దారం ముడులు తగులుతున్నాయి.

"ఇవి మామూలు జలుబుకీ వస్తాయిగా?"

"వస్తాయి. అందుకే నన్ను చూసి ఎవరూ తేల్చలేరు, నెత్తురే చెప్పాలి. వారంలో నేను పోతాను బాబూ. పోయానని నువ్వు సంబరపడిపోతావేమోనని నా దిగులు."

అంకబాబుకి భయం వేస్తుంది. నాలుగు నెలల్లో మరదలు సత్యవేణితో పెళ్లి. ఇరుకున పడ్డప్పుడల్లా అనే మాటే ఇప్పుడూ నోట్లోంచి వస్తుంది: "శుక్రవారం రండి."

షాపు ఒక బార పొడుగవుతుంది. "పై శుక్రవారం" అంటాడు. ఇంకో బార. మూడోసారికి వీధి తలుపు అగ్గిపెట్టెంత అయింది. ఇన్నేళ్లుగా అందరికీ చెప్పి ఎగ్గొట్టిన శుక్రవారాలన్నీ దారి పొడుగునా బల్లల మీద కూర్చుని, ఓపిగ్గా అతన్నే చూస్తున్నాయి.

ఇక సిగ్గేసి, వాటి మధ్య నుంచి నడుస్తాడు. తలుపు తీస్తే పెద్దాసుపత్రిలో హెచ్.ఐ.వి. పరీక్షల గది.

అక్కడ కౌన్సిలర్ సలోమి. ఆమె జాకెట్టు ఆరు వారాలుగా అతని దగ్గరే పడుంది. ఆమె ఆ ఊసెత్తదు. అతని వేలి నుంచి నెత్తుటిని దారంలా లాగి, బాబిన్‌కి చుట్టి, వెలుగులో చూస్తుంది.

"ఇవాళ్టికి ఏం కనపళ్లేదు. మూడు వారాల దారం కదయ్యా, పొట్టిది, అప్పుడే అందకపోవచ్చు. ఆ రోజు నుంచి మూడు నెలలు నిండాక మళ్లీ రా. అందాకా జాగ్రత్త. ఉన్నా మందులున్నాయి, బతుకూ పెళ్లీ ఎక్కడికీ పోవు. శుక్రవారం మాత్రం అనకు."

"మూడు నెలలు నిండిన బుధవారం వస్తాను మేడమ్." నిజం తేదీ చెప్పడం అతనికిదే మొదలు. హాయిగా ఉంది.

ఆమె ఆ బుధవారాన్ని అతని చేతిలో పెడుతుంది. జానెడుంది, వెచ్చగా.

షాపులో సత్యవేణికి అంతా చెబుతాడు. ఆమెకి కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. తర్వాత కత్తెర అందిస్తుంది.

"ముందే చెప్పావు, అది చాలు బావా. ఈ బుధవారానికో చొక్కా కుట్టు. పెరిగే పిల్ల, లోపల గుడ్డ వదులు."

ఇద్దరూ రోజూ ఒక కుట్టు విప్పుతారు. చొక్కా వదులవుతుంది, బుధవారం పెరుగుతుంది. జ్వరం ఎప్పుడో చెప్పులేసుకుని వెళ్లిపోయింది, ఎవరూ సంబరపడలేదు.

ఒక పొద్దున బుధవారం తలుపంత ఎత్తుగా లేచి నిలబడి, ఇద్దరి చేతులూ పట్టుకుంటుంది.

"నడవండి, ఆలస్యమవుద్ది," అంటుంది. వెనకాల శుక్రవారాలన్నీ వరసగా లేచి, కుట్టడం పూర్తయిన సలోమి జాకెట్టును పల్లకీలా మోసుకుంటూ బయల్దేరతాయి.