అమ్మ మతికి పరీక్ష

అమ్మ మళ్ళీ అరిచింది. గొంతు చీరుకుపోయేలా అరిచి, ఎడమచేత్తో డాక్టరు చెంప రక్కింది.

"చూశారుగా," అన్నాడు కొడుకు. "పేరడిగితే మీద పడుతుంది. మతి పోయిందని రాసిచ్చెయ్యండి సార్, ఓ పనైపోతుంది."

ముందురోజు సాయంత్రం సామిల్లు మెట్ల కింద అమ్మ నెత్తుటి మడుగులో దొరికింది. తల పగిలింది, దవడ వాచి మాట కూడదీసుకోవాల్సి వస్తోంది, కుడిచేతి వేళ్ళు నుజ్జయ్యాయి. మిల్లు కుటుంబ ట్రస్టుది. ఆమే, ఆమె తమ్ముడే ట్రస్టీలు. ఆమెకు మతి లేదని డాక్టరు రాస్తే ఆమె స్థానంలోకి పిల్లలిద్దరూ వస్తారు. ముగ్గురిలో ఇద్దరి మాటే చెల్లుతుంది. మిల్లు అమ్ముడైపోతుంది.

మంచం అంచున కూర్చున్న కూతురు ఒక చేత్తో అమ్మ నుదురు నిమురుతోంది. రెండో చెయ్యి దుప్పటి కింద ఉంది.

"ఇక ఆపండి సార్. మా అమ్మ తట్టుకోలేదు."

గోడ పక్కన కూర్చున్న అమ్మ తమ్ముడు లేచాడు. "మీరిద్దరూ బయటికి నడవండి. ఆస్తి దక్కేవాళ్ళ ఎదుట తనని పరీక్షించకూడదని అక్క ట్రస్టు దస్తావేజులో రాయించింది. అది జరిపించడం ట్రస్టీగా నా బాధ్యత."

"రంపప్పొట్టు ఊడ్చుకునేవాడివి, నువ్వు మాకు రూలు చెప్తావా మావయ్యా?" కొడుకు పిడికిలి అతని మూతి మీద పడింది.

తమ్ముడు గోడకు కొట్టుకుని కిందపడ్డాడు. లేచి, ఊడిన పన్ను అరచేతిలోకి ఉమ్మి చూసుకున్నాడు. "ఎలాగూ కదులుతోందిలే." సెలైన్ స్టాండు పెరికి మేనల్లుడి మోకాలి మీద కొట్టాడు. ఎముక పటుక్కుమంది. వాణ్ణి కాలరు పట్టి బయటికి ఈడ్చి, మేనకోడలి వైపు తిరిగాడు.

"అమ్మని వదిలి రాను మావయ్యా."

"నువ్వూ లెయ్యి అమ్మాయ్."

ఆమె రెక్క పట్టి గెంటి, తానూ బయటికెళ్ళి తలుపు మూసి వీపు ఆనించాడు. అవతల అతని మీద దెబ్బలు పడుతున్న చప్పుడు మొదలైంది.

డాక్టరు దుప్పటి తీశాడు. కుడిచేతి కట్టు ఊడిపోయి ఉంది. విరిగిన వేలు వెనక్కి మెలితిరిగి, కొత్త రక్తం కారుతోంది.

"ఎక్కడున్నారమ్మా?"

అమ్మ ఈసారి అరవలేదు. "ఆసుపత్రిలో. నువ్వు డాక్టరువి. రక్కాను, ఏమనుకోకు బాబూ."

"మెట్ల మీంచి తోసింది మీ అబ్బాయేనా?"

"వాడికి నోరే గానీ అంత గుండె లేదు." ఆమె తలుపు వైపు చూసి, అవతలికి వినబడేలా గొంతు పెంచింది. "తోసింది, సుత్తితో నా వేళ్ళు చితక్కొట్టింది, ఇంతసేపూ వాటినే మెలిపెట్టింది నా కూతురు."