వెనక్కి తిప్పని ముల్లు

1998 నవంబరు పదమూడు, శుక్రవారం. ఆ రోజు తిన్నది పాంతెలెయ్‌కి ఇంకా నాలుక మీదే ఉన్నట్టుంటుంది. పంచదార పొడీ, అక్రోటు పలుకులూ కలిపిన ఉడకబెట్టిన గోధుమలు, నూనె తక్కువైన చిక్కుడు గింజల చారు, చిన్న గ్లాసుడు ద్రాక్షసారా. భార్య నెవెనా పోయి నలభయ్యో రోజది. శ్మశానంలో వచ్చినవాళ్ళందరికీ కాగితం కప్పుల్లో గోధుమలు పంచాడు. "దేవుడామెను మన్నించుగాక" అని ఒక్కొక్కరు అంటుంటే తల వంచి విని, పక్క మనిషి దగ్గరికి జరిగాడు. నెవెనా అయితే గింజకి గింజ విడిగా ఉండేట్టు ఉడికించేది. ఆ రోజు పక్కింటావిడ ఉడికించింది, ముద్దయిపోయాయి. ఎవరూ ఒక్క మాట అనలేదు. అందుకు అందరికీ మనసులోనే దండం పెట్టుకున్నాడు.

ఫ్యాక్టరీ నుంచి శ్మశానానికి బయల్దేరేముందు అతను ఒక పని చేశాడు. ఉక్కు పరీక్ష చేసే ముప్పై ఒక్క ఏళ్ళ నౌకరీలో అంతకుముందు ఎన్నడూ చెయ్యనిది. జేబులోంచి ముద్ర పంచ్ తీసి ఫోర్‌మన్ దిమో చేతిలో పెట్టాడు.

పరీక్ష గదికి ఒక పద్ధతి ఉంది. కొత్త ఉక్కు లారీ వచ్చిందంటే, వానైనా మంచైనా పరీక్ష చేసే మనిషి తనే యార్డులోకి నడవాలి. కుప్పలోంచి తనే ఒక కడ్డీ ఎంచుకోవాలి. దాని కొసన తన పంచ్ ఆనించి సుత్తితో కొట్టాలి. ఆ ముద్ర పడ్డ కొసనే కోసి, లేత్ మీద నమూనాగా తిప్పి, ఎంత బరువుకి తెగుతుందో చూడటానికి లాగుడు మిషన్‌లో బిగిస్తారు. అది ఏ కుప్పలోదో చెప్పడానికి ఆ ముద్ర తప్ప వేరే గుర్తు ఉండదు. అందుకే పంచ్ ఆ మనిషి జేబు దాటకూడదు. పాంతెలెయ్ పంచ్‌లో ఉన్నది ఒక సున్నా, దాని మధ్య ఏడు అంకె.

"ఇవాళ లారీ వస్తుందంటన్నారన్నా. నువ్వు వదిన దగ్గరికెళ్ళు," అన్నాడు దిమో ఆ రోజు. "ఓ దెబ్బ కొట్టడమేగా, నేను కొడతాలే."

దిమో దయగానే అన్నాడు. పాంతెలెయ్ దాన్ని దయలాగే తీసుకున్నాడు. సోమవారం పొద్దున పంచ్ వెనక్కి వచ్చింది. ముద్ర ఉన్న నమూనా కూడా వచ్చింది. దాన్ని లాగాడు. నాలుగువేల ఎనిమిదివందల యాభై కిలోల దగ్గర తెగింది. కాగితం రాసి సంతకం పెట్టాడు. అది మంచి ఉక్కు. గేర్లకి పనికొచ్చే ఉక్కు.

*

మార్చి రెండో తారీకు మధ్యాహ్నం జ్లాత్కా పరీక్ష గది గుమ్మంలో నిలబడి బూట్లకంటిన బురద మంచు దులుపుకుంటోంది. ముప్పై నాలుగేళ్ళ మనిషి. పన్నెండేళ్ళుగా రెండో షెడ్డులో అయిదు టన్నుల క్రేన్ నడుపుతోంది. మూడు వారాలుగా ఆమెని పనిలోంచి నిలిపేశారు. నెలకి లక్షా అరవై వేల లెవాలు జీతం వచ్చే చోట ఇప్పుడేమీ లేదు. రొట్టె ఒక్కటే ఆరొందల యాభై లెవాలు.

"లోపలికెలా వచ్చావు?" అన్నాడు పాంతెలెయ్.

"గేటు దగ్గర ముసలోడు అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు బాబాయ్. చాలాసేపు చీదాడు, పాపం." ఆమె కోటు జేబులోంచి ఎర్రదీ తెల్లదీ కలిపి పేనిన దారం తీసింది. "నిన్న కట్టాల్సింది. నిన్నటి కాపలావాడికి జలుబు లేదు."

ప్రతి మార్చి ఒకటినా ఆమె ఆ లాగుడు మిషన్‌కి దారం కడుతుంది. ఏడాదంతా ఆరోగ్యంగా ఉండాలని ఆ రోజు అందరూ చేతులకి కట్టుకుంటారు. ముసలి మిషన్‌కి ఎవరు కడతారని మొదటి ఏడాది నవ్వుతూ కట్టింది, తర్వాత అదే అలవాటైంది. ఇప్పుడు మిషన్ చేతిపిడికి దారం చుట్టి ముడి వేసింది. పాంతెలెయ్ తన రొట్టె విప్పి, మిరపపండ్ల పచ్చడి రాసి, సగం ఆమె ముందుకి జరిపాడు.

ఫిబ్రవరి తొమ్మిదిన ఆమె నాలుగు టన్నుల పోత దిమ్మని ఎత్తింది. క్రేన్ తాడు చుట్టుకునే డ్రమ్ముని తిప్పే గేరు పళ్ళు ఒక్కసారిగా రాలిపోయాయి. కింద కొక్కెం తగిలించే మెతోది ఆ దిమ్మ కింద పడి నలిగి చనిపోయాడు. ఆ గేరుని జనవరిలో ఇక్కడే, నవంబరు ఉక్కుతోనే చేశారు.

"ఆరు టన్నులు ఎత్తానంటున్నారు బాబాయ్," అంది నములుతూనే. "గేరు మంచిది, కాయితం ఉంది, మరి బరువెక్కువ కాకపోతే ఎందుకు విరుగుద్దీ అంటున్నారు. రేపు తొమ్మిదింటికి ఇన్‌స్పెక్టరొస్తాడు. వకీలు నాలుగేళ్ళు పడొచ్చన్నాడు. మా పిల్లకి తొమ్మిదేళ్ళు. నేనొచ్చేసరికి నాకంటే పొడుగైపోద్ది."

పాంతెలెయ్ చాకుకంటిన పచ్చడి తుడిచాడు.

"నీ మీద కోపంతో రాలేదు. నువ్వు అబద్ధం రాయవని నాకు తెలుసు. అదే నాకు అర్థం కావట్లేదు. నువ్వు అబద్ధం రాయలేదు. నేనూ ఆరు టన్నులు ఎత్తలేదు. మెతోదికి తెలుసు. రోజూ నన్ను 'ఆకాశంలో అత్తగారూ, మెల్లిగా' అని కేకేసేవోడు. ఆ రోజు కూడా అన్నాడు."

ఆమె రొట్టె పూర్తిగా తినకుండా మిగిలింది రుమాల్లో చుట్టుకుంది. అది కూతురికని అతనికి అర్థమైంది. తన సగం కూడా అందులోనే పెట్టాడు. ఆమె వద్దనలేదు. వచ్చినట్టే గేటు ముసలాయన జలుబుని నమ్ముకుని వెళ్ళిపోయింది.

*

నాలుగు దాటాక దిమో వచ్చాడు. రావడంతోనే మిషన్ మీద చెయ్యి వేసి, "నీకింకా రెండేళ్ళ నాలుగు నెల్లు. దీనికెప్పుడన్నా పెన్షను?" అన్నాడు. ఎప్పుడూ వేసే జోకే. ఇవాళ తనే నవ్వలేదు.

కుడి జేబులోంచి ఒక నమూనా తీసి బల్ల మీద పెట్టాడు. వేలంత లావున్న ఉక్కు ముక్క, మధ్యలో సన్నగా నునుపుగా తిప్పింది.

"కసాబోవ్ గారు దీన్ని లాగమన్నారు. విరిగిన గేరులోంచి కోసిందని రాయమన్నారు."

కసాబోవ్ మూడేళ్ళ కిందట ఫ్యాక్టరీని కొనుక్కున్న యజమాని. పాంతెలెయ్ నమూనాని చేతిలో తిప్పి చూసి మళ్ళీ బల్ల మీద పెట్టాడు. "గేరులోంచి కోసిందేనా?"

దిమో ఎడమ జేబులోంచి ఇంకో నమూనా తీసి మొదటిదాని పక్కన పెట్టాడు. రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి.

"ఇది గేరులోంచి కోసింది. నిన్న రాత్రి నేనే తిప్పాను. ఎవరూ చెప్పలేదు."

"మరి అది?"

"పాత స్టాకులోంచి. ప్రభుత్వం నడిపినప్పుడు వచ్చిన కడ్డీ, గోడ పక్కన ఒకటే మిగిలింది." దిమో స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నవంబర్లో కూడా అదేనన్నా."

పాంతెలెయ్ ఆ రెండు నమూనాల్నీ వేలితో ఒకదానికొకటి దూరం జరిపాడు.

"లారీలో వచ్చింది తుక్కు సంతలో సరుకు," అన్నాడు దిమో. "మూడో వంతు ధరకి కొన్నారు. నేను దాని మీదే ముద్ర కొట్టబోయాను, ఒట్టు. కసాబోవ్ గారు చెయ్యి పట్టుకున్నారు. 'ఆ గోడ దగ్గరున్న దాని మీద కొట్టు, దిమో, ముసలాయన ఇవాళ ఏడుస్తున్నాడు, మళ్ళీ ఏడిపించడం ఎందుకు' అన్నారు. నా కొడుకుని అప్పుడే పెయింటు షాపులోకి తీసుకున్నారు. కొట్టాను."

"నెవెనా నలభయ్యో రోజున," అన్నాడు పాంతెలెయ్.

"వదిన నలభయ్యో రోజున."

తిట్టమన్నట్టు దిమో తలెత్తి చూశాడు. పాంతెలెయ్‌కి తిట్టడం చేతకాలేదు. పంచ్ ఇచ్చింది తన చెయ్యి. ఆ చేతినే చూసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత లేచి, గేరులోంచి కోసిన నమూనా తీసుకున్నాడు.

"తలుపు దగ్గరికెయ్యి. చలొస్తోంది."

మిషన్ నెవెనా పుట్టిన ఏడాది జర్మనీలో తయారైంది. స్విచ్చి వెయ్యగానే గేరుపెట్టెలో పళ్ళు పళ్ళని పట్టుకుని, వేగం తగ్గించుకుంటూ బలం పెంచుకుంటూ, ఆఖరికి మనిషి పిక్కంత లావున్న రెండు మర స్తంభాలని గోరువాసి చొప్పున తిప్పుతాయి. స్తంభాలతో పాటు కింది దవడ దిగుతుంది. పై దవడ కదలదు. మధ్యలో చిక్కిన ఉక్కు సాగాలి, లేదా తెగాలి. ఎదురుగా పళ్ళెమంత డయల్. దాని మీద నల్ల ముల్లు బరువుతో పాటు పైకి పోతూ, ఎర్ర ముల్లుని ముందుకి నెట్టుకుపోతుంది. ఉక్కు తెగిన క్షణంలో నల్లది సున్నాకి పడిపోతుంది. ఎర్రది మాత్రం తెగిన చోటే నిలబడిపోతుంది. అంకె రాసుకున్నాక ఎర్ర ముల్లుని వేలితో సున్నాకి తిప్పాలి. ముప్పై ఒక్క ఏళ్ళుగా తలుపు మూసేముందు అతను ఆఖరున చేసే పని అదే.

ఇవాళ మోటారు వెయ్యలేదు. దారం కట్టిన చేతిపిడి పట్టుకుని తనే తిప్పాడు. గేర్లు ఒక్కొక్క పన్నూ టక్కుమంటూ కదిలాయి. వెయ్యి. పదిహేనువందలు. రెండువేలు. రెండువేల మూడువందల దగ్గర ముల్లు తడబడింది, ఉక్కు సాగడం మొదలైంది. మంచి ఉక్కు అయితే ఇంకా వెయ్యి కిలోలు పైకి పోయాక గానీ లొంగదు. అతను తిప్పుతూనే ఉన్నాడు. ఆ ముక్క ఇంకాస్త ఓర్చుకుంటే బావుండునని ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడ్డాడు.

మూడువేల రెండువందల దగ్గర తెగింది. పెద్ద చప్పుడేం కాలేదు.

"నాలుగువేల ఏడొందలకి తగ్గకూడదు కదన్నా," అన్నాడు దిమో మెల్లిగా, తెలియనట్టు.

"తగ్గకూడదు."

*

కసాబోవ్ అయిదున్నరకి వచ్చాడు. మంచి కోటు, మర్యాదగల మనిషి. నెవెనా పోయినప్పుడు దండ పంపాడు. మొదట డయల్ వైపు చూశాడు. తర్వాత బల్ల మీద తెగకుండా మిగిలిన నమూనాని చూశాడు. ఆఖరుకి దిమోని చూశాడు. దిమో నేల చూశాడు.

"పాంతెలెయ్ గారూ, ఏదో పొరపాటు ముక్క లాగినట్టున్నారు. అసలుది ఇదిగో ఉంది. ముల్లు వెనక్కి తిప్పేసి దీన్ని లాగండి. పది నిమిషాల పని."

"ఇది పాత కడ్డీలోది అయ్యా."

"ఎవరన్నారు?"

దిమో మెడ మీద చెమట పాంతెలెయ్‌కి కనిపించింది. "ముప్పై ఒక్క ఏళ్ళుగా లాగుతున్నాను," అన్నాడు. "ఎవరూ అననక్కర్లేదు."

కసాబోవ్ చేతి తొడుగులు తీసి మడిచాడు. గొంతు పెంచలేదు. "మీరు పెద్దవారు, ఆలోచించండి. నవంబరు కాయితం మీద సంతకం ఎవరిది? పంచ్ ఎవరిది? ఆ పంచ్ ఇంకొకరి చేతిలో పెట్టింది ఎవరు? ఆ అమ్మాయిని బయటికి లాగబోతే మీరే లోపలికి పోతారు. పెన్షన్ సంగతి సరేసరి. ఫ్యాక్టరీ మూతబడితే నూట నలభై ఇళ్ళు. రెండో షెడ్డులో వాళ్ళ మొహాలు చూడగలరా?"

అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. సంతకం తనదే. తనకి దుఃఖం వచ్చిన రోజున ఒక పూట పద్ధతి తప్పాడు, ఆ పూట ఖర్చు మెతోది కట్టాడు. ఇప్పుడు జ్లాత్కాని కట్టమంటున్నారు.

"పంచ్ నేనే ఇచ్చానయ్యా," అన్నాడు. "అది కూడా రాస్తాను."

"ఏమిటి రాస్తారు?"

"ఇచ్చానని. మూడువేల రెండొందల దగ్గర తెగిందని."

"పాంతెలెయ్ గారూ."

"రెండోది లాగను."

కసాబోవ్ తొడుగులు వేసుకున్నాడు. "ఇన్‌స్పెక్టర్ తొమ్మిదికి వస్తాడు. నేను ఎనిమిదికే వస్తాను. ఈ గదికి రెండో తాళంచెవి నా దగ్గరుందని మీకు తెలుసు." వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "దిమో, రా," అన్నాడు.

దిమో లేచాడు. రెండడుగులు వేసి, బల్ల మీద మిగిలిన మంచి నమూనాని తీసి జేబులో వేసుకున్నాడు. యజమాని కోసమో, యజమానికి అందకుండానో పాంతెలెయ్‌కి తెలియలేదు. అడగలేదు.

ఒక్కడే మిగిలాక తెగిన రెండు ముక్కల్నీ దవడల్లోంచి విప్పి, ఒకదానికొకటి ఆనించి, ఎంత సాగిందో కొలిచి రాశాడు. ఇనప తీగతో కట్టి చీటీ తగిలించాడు. ఎప్పుడూ పెట్టే అరలో పెట్టబోయి ఆగి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. నెవెనా గతేడాది మళ్ళీ కుట్టిన జేబది. అంత బరువు పడినా కుట్టు ఊడలేదు.

కాగితం రెండు ప్రతులు రాశాడు. అందులో నవంబరు పదమూడు సంగతి రాసేటప్పుడు కలం కాస్త ఆగింది. శ్మశానం, గోధుమలు ఎలా రాయాలో తెలియలేదు. "సొంత పని మీద వెళ్ళాను" అని రాసి సంతకం పెట్టి, రెండు ప్రతుల్నీ ఆ జేబులోనే పెట్టుకున్నాడు.

దీపం ఆర్పేముందు అలవాటు కొద్దీ వేలు డయల్ మీదికి పోయింది. ఎర్ర ముల్లుకి తగిలింది కూడా. అక్కడే కాసేపు ఆగి వేలు వెనక్కి తీసుకున్నాడు.

బయట రెండో షెడ్డు చూరు నుంచి మంచు కరిగి చుక్కలు పడుతున్నాయి. చీకట్లో ఎర్ర ముల్లు మూడువేల రెండువందల మీదే ఉంది. చేతిపిడికి కట్టిన దారం ఎర్రదో తెల్లదో కనిపించడం లేదు. పాంతెలెయ్ తలుపుని తన వైపు లాక్కుని, గడియ చప్పుడు చెయ్యకుండా మెల్లిగా మూశాడు.