ఊటనీళ్ల మీద ఒట్టు

మొక్రాన్‌ని ఫ్రెంచి సైనికులు పట్టుకుపోయిన వారానికి క్యాంపు కెప్టెనే స్వయంగా జీపులో తీసుకొచ్చి ఊళ్లో దింపాడు. సభ అరుగుల మీద కూర్చున్న మగవాళ్లందరి ఎదుటా అతనితో చెయ్యి కలిపాడు. చొక్కా జేబులో ఒక సిగరెట్టు పెట్టె దోపి, చుట్టాన్ని సాగనంపినట్టు భుజం తట్టి వెళ్లిపోయాడు. పొగతాగడం మానాలని కొండల్లో దాక్కుని ఫ్రెంచివాళ్లతో పోరాడుతున్న అన్నలు ఊరికి ఆజ్ఞ పెట్టి రెండేళ్లయింది. అయినా ఆ పెట్టెని మొక్రాన్ తీసి పారెయ్యలేదు. జేబులో ఏదో ఉందన్న సంగతే తెలియనివాడిలా ఇంటికి నడిచాడు. దాన్ని పొయ్యిలో వేసింది అతని భార్య దెహ్బియా.

అంతకుముందు ఆ క్యాంపు నుంచి ఇద్దరు తిరిగొచ్చారు. ఒకడి చేతివేళ్లకి గోళ్లు లేవు. రెండోవాణ్ణి గాడిద మీద అడ్డంగా వేసి తెచ్చారు. మొక్రాన్ మాత్రం తన కాళ్ల మీద తను నడిచి వచ్చాడు.

ఆ సాయంత్రం అతను చొక్కా మార్చుకుంటుంటే దెహ్బియా పొయ్యి వెలుగులో అతని వీపంతా వెతికింది. వెతుకుతున్నది గాయం కోసమని ఆమెకి కాసేపటికి గాని తెలియలేదు. ఒక్క వాత కూడా కనిపించకపోయేసరికి మనసు కుంగిపోయింది. మొగుడికి దెబ్బలు తగల్లేదని దిగులుపడే ఆడది ఎక్కడైనా ఉంటుందా అనిపించి, తనని చూసి తనే భయపడింది.

"నిన్నేం చేశారయ్యా?" అని అడిగింది.

"ఏం చెయ్యలేదు. కూర్చోబెట్టారు. పంపేశారు."

ఆ తర్వాత అతను ఎక్కువ మాట్లాడలేదు. ఒక్క మార్పు మాత్రం ఊరంతటి కళ్లలోనూ పడింది. నమాజుకి ముందు అందరూ మసీదు పక్కనున్న ఊట దగ్గర చేతులూ ముఖమూ కడుక్కుంటే, మొక్రాన్ దూరంగా కూర్చుని నున్నటి రాయిని అరచేతులతో తట్టి, ఆ చేతులతో ముఖం తుడుచుకునేవాడు. నీళ్లు దొరకని బాటసారులూ, మంచానపడ్డ ముసలివాళ్లూ చేసే పని అది. ఇక్కడ నీళ్లకి కరువు లేదు. పైగా అది మామూలు ఊట కాదు, ఊరిని కాచే వలీ అనే పుణ్యపురుషుడి పేరు మీద వెలిసింది. యుద్ధం మొదలైన ఏడు ఊళ్లోని ప్రతి మగవాడూ ఆ నీళ్లు దోసిట పట్టి, 'నోరు విప్పితే ఈ నీళ్లే నన్ను మింగాలి' అని అన్నల ముందు ఒట్టు పెట్టాడు. మొక్రాన్ కూడా పెట్టాడు.

ఆడవాళ్లు నీళ్లకి వెళ్లే వేళ అందరూ గలగలా మాట్లాడుకుంటున్నారు. దెహ్బియా ఊట దగ్గరికి దిగగానే మాట ఆగి, మళ్లీ మొదలైంది.

"ఏమ్మా, మీ ఇంట్లో నీళ్లు బాగా మిగులుతున్నట్టున్నాయే?" అంది ఒకామె.

"ఆయనకి జలుబు చేసింది."

"జలుబా! కెప్టెన్ కాఫీ పడలేదేమో పాపం!"

అందరూ నవ్వారు. ఘనీమా నవ్వలేదు. ఆమె ఇద్దరు కొడుకులూ కొండల్లోనే ఉన్నారు. అన్నలకి ఏ ఇంట్లో అన్నం వండాలో, ఎవరు మోసుకెళ్లాలో చెప్పేది ఆమే. దెహ్బియా వీపు మీదికి కుండ ఎత్తుతూ చెవి దగ్గర అంది:

"డొంకతిరుగుడు నాకు చేతకాదమ్మాయ్. అన్నల పెద్ద బెలైద్ వస్తున్నాడు. కొండ మీద మంచు కమ్మిన రోజు సైనికులు క్యాంపు గేటు దాటరు కదా, ఆ రోజు. మీ ఇంట్లోనే భోజనం."

"మా ఇంట్లోనా?"

"నీ మొగుడి ముఖం చూసి తేల్చుకుంటాడట. తేలకపోతే లోయ దాకా తోడు రమ్మంటాడు."

అలా తోడు వెళ్లినవాళ్లు తిరిగి రారని దెహ్బియాకి తెలుసు.

"నీకు చెప్పి ఉంటాడు. నోరు విప్పాడా?"

"నాతోనే నోరు విప్పడం లేదత్తా."

"మరి ఊటని చూసి ఎందుకు తప్పుకుంటున్నాడే? పెట్టిన ఒట్టు గుర్తుకొచ్చేగా!"

ఆ మాట దెహ్బియాకీ తోచి, తోచనట్టు మనసుని మభ్యపెట్టుకుంటోంది.

అప్పట్నుంచి ఇంట్లో ప్రతి పనికీ రెండు అర్థాలు కనిపించసాగాయి. అతను రోడ్డు వైపు కంచె బాగుచేస్తుంటే, ఎవరికైనా కనపడాలనే అక్కడ నిలబడ్డాడా అనుకునేది. వాకిట్లో చప్పుడైతే ఉలిక్కిపడుతున్నాడు. అన్నలొస్తారని భయమా, సైనికులొస్తారని ఎదురుచూపా? పాత నూనె గానుగ కింద అన్నల పిండి మూటలున్నాయి. ఆ చోటు ఊళ్లో తెలిసినవాళ్లు నలుగురే, అందులో ఇతనొకడు. ఇంతవరకూ సైనికులు అటు వెళ్లలేదు. అది తల్చుకుని కాసేపు ఊపిరి పీల్చుకునేది. వెళ్లకపోవడం కూడా ఎత్తేనేమో అని ఆ వెంటనే మరో ఆలోచన వచ్చేది. ఇంట్లో చూసినవి చెప్పడానికి ఘనీమా ఇంటికి వెళ్తూ, మేకలకి మేత కోసమని చెప్పడం మొదలుపెట్టింది. మొగుడికి అబద్ధం చెప్పడం ఇంత తేలికని ఆమెకి ఇన్నాళ్లూ తెలియదు.

ఒక మధ్యాహ్నం వాన పడింది. మొక్రాన్ పొయ్యి పక్కన కునికిపాట్లు పడుతున్నాడు. పైకప్పు కారి, ఒక్క బొట్టు అతని పెదవి మీద పడింది. అంతే, వెనక్కి విరుచుకుపడ్డాడు. ధాన్యపు గాదెకి తల కొట్టుకుంది. నోరు తెరుచుకునే ఉంది, గాలి లోపలికి పోవడం లేదు. ముఖానికి అంటుకున్న గుడ్డనేదో పీకుతున్నట్టు రెండు చేతులూ గాలిలో కొట్టుకున్నాయి. అక్కడ ఏ గుడ్డా లేదు.

ఊపిరి అందాక ఆమెని చూసి, "కలొచ్చింది," అన్నాడు.

దెహ్బియా కింది గదిలోకి దిగి మేకల మధ్య నిలబడింది. ముఖాన గుడ్డ పరిచి నీళ్లు పోస్తారని, ఒంటి మీద మరక కూడా మిగలదని క్యాంపు గురించి ఆడవాళ్లు చెప్పుకోగా విన్నది. ఇతను తప్పుకుంటున్నది ఒట్టు నుంచి కాదు, నీళ్ల నుంచి! సంతోషం గొంతు దాకా వచ్చింది. దాని వెనకే మరో ఆలోచన వచ్చి ఆ సంతోషాన్ని అక్కడే ఆపేసింది. అంత పోస్తే మాట్లాడనివాడెవడు?

ఆ సంగతి ఘనీమాకి చెప్పలేదు. చెబితే, మరి ఏం వాగాడట అని అడుగుతుంది.

మంచు కమ్మింది. ఎదురింటి గోడ కూడా కనపడని పొద్దున బెలైద్ వచ్చాడు. ఒకప్పుడు సంతలో చెప్పులు కుట్టేవాడు. ఇప్పటికీ మనిషిని ముందు పాదాల దగ్గర చూసి, తర్వాత ముఖం చూస్తాడు. ఉన్ని అంగీ కింద తుపాకి ఉంది.

"కండపట్టావు మొక్రాన్! క్యాంపు తిండి పడినట్టుందే."

"దేవుడి దయ అన్నా."

"దేవుడిదా, కెప్టెన్‌దా?"

మొక్రాన్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. దెహ్బియా బార్లీ రవ్వ ఉడికించిన కుస్కుస్ పళ్లెం మధ్యలో పెట్టి, చెంబూ తువ్వాలూ తెచ్చింది. బెలైద్ చేతులు చాపితే పోసింది. చెంబు మొక్రాన్ వైపు తిరగ్గానే అతను చేతులు ఒళ్లోకి లాక్కున్నాడు.

"నావి కడిగే ఉన్నాయి."

బెలైద్ చేతులు తుడుచుకుంటున్నవాడల్లా ఆగాడు. "ఎక్కడ కడిగావు? ఊట దగ్గరా?"

మొక్రాన్ మోచేత్తో పళ్లాన్ని బెలైద్ ముందుకి జరిపాడు.

"సరే, తిను. తిన్నాక లోయ దాకా తోడు రా. మంచులో దారి తెలియడం లేదు." పిల్లల్ని బుజ్జగించే గొంతుతో అన్నాడు.

ఆ దారి బెలైద్‌కి కళ్లు మూసుకున్నా తెలుసు. దెహ్బియా ఒక్క క్షణం చెంబు పట్టుకుని నిలబడింది. తర్వాత అందులో ఉన్న నీళ్లన్నీ మొగుడి ముఖాన కొట్టింది.

మొక్రాన్ పళ్లెం మీదికి తూలాడు. కాలు తగిలి కుస్కుస్ చెల్లాచెదురైంది. గొంతులోంచి వచ్చిన చప్పుడు మనిషిది కాదు. గోళ్లతో తన ముఖాన్ని తనే చీరుకున్నాడు. బెలైద్ చెయ్యి ముందు తుపాకి మీదికి వెళ్లింది. తర్వాత తువ్వాలు తీసుకుని, అతని తల ఒళ్లోకి లాక్కుని, కళ్లూ ముక్కూ నెమ్మదిగా తుడిచాడు. ఊపిరి కుదుటపడేదాకా అలాగే పట్టుకున్నాడు.

"ఎన్నిసార్లు పోశారు?" అన్నాడు.

లెక్క తెలియదన్నట్టు మొక్రాన్ తల అడ్డంగా ఊపాడు.

"ఏం చెప్పావు?"

"తెలీదు."

"తెలీకపోవడమేంట్రా!"

"చెప్పకూడదనుకోవడం గుర్తుంది అన్నా. అరవడం గుర్తుంది. ఆ అరుపుల్లో మాటలున్నాయో లేదో... నువ్వైనా తేల్చి చెప్పు. నాకు తెలియడం లేదు."

బెలైద్ అతని తలని ఒళ్లోంచి దించాడు. లేచి అంగీ సర్దుకున్నాడు.

"గానుగ కింద మూటల్ని కదపం. అక్కడే ఉంటాయి. సైనికులు అటు వస్తే నీ అరుపుల్లో ఏముందో నీకూ తెలుస్తుంది, నాకూ తెలుస్తుంది. రాకపోతే బతుకు." గుమ్మం దగ్గర దెహ్బియా వైపు తిరిగాడు. "చెల్లెమ్మా, వాళ్లు చేసిన పనే చేశావు."

అతను మంచులో కలిసిపోయాడు. దెహ్బియా కూర్చుని మెతుకులు ఏరసాగింది. మొక్రాన్ గోడకి ఆనుకుని ఉన్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"వాన పడిన రోజు."

"అడగొచ్చుగా."

"అడిగితే చెప్పేవాడివా?"

"చెప్పేవాణ్ణి కాదు." ముఖం మీది గోళ్ల గీతలు తుడుచుకుంటూ, "నేను బతకాలని పోశావా, నిజం తేలాలని పోశావా?" అన్నాడు.

ఆమె తలెత్తలేదు. బతకాలనే అని నాలుక చివరి దాకా వచ్చింది. చెంబు ఎత్తినప్పుడు తన మనసులో ఏముందో వెతుక్కుంటే అక్కడ ఏమీ కనిపించలేదు. అబద్ధమైనా చెప్పి ఉండాల్సిందని తర్వాత అనుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది. అతను ముఖం తిప్పుకున్నాడు.

మర్నాడు పొద్దునకి మంచు విడిచింది. పళ్లెం కడుగుతున్న దెహ్బియాకి కొండ మలుపులో లారీల మోత వినిపించింది. మొక్రాన్ అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. ఆమె వెళ్లి పక్కన నిలబడింది. ఫర్లాంగు దూరంలో రోడ్డు రెండుగా చీలుతుంది. ఒకటి క్యాంపు మీదుగా కొండెక్కుతుంది, రెండోది పాత గానుగ దగ్గర ఆగిపోతుంది. మోత దగ్గరైంది, కాసేపు గోడలు అదిరాయి, తర్వాత ఏదో ఒక వైపు తగ్గుతూ పోయింది.

"ఎటు తిరిగాయి?" అన్నాడు మొక్రాన్. అతని చూపు రోడ్డు మీద లేదు, ఆమె ముఖం మీద ఉంది.

తను కూడా అంతసేపూ అతని ముఖాన్నే చూస్తోందని దెహ్బియాకి అప్పుడు తెలిసింది.

"చూడలేదు," అంది.