అండీ లేని పిలుపు

ఆ వంటగదిలో ఆర్డర్లు పిలిచేవాళ్ల చోటు ఒక స్టీలు బల్ల. హాల్లోంచి వచ్చిన చీటీ చదివి, ఎవరేం వెయ్యాలో గట్టిగా చెప్పాలి. పళ్లెం వచ్చాక చూడాలి. బాగుంటే బయటికి, లేకపోతే వెనక్కి. అక్కడ నిలబడ్డవాళ్లనే చెఫ్ అంటారు. మిగతావాళ్లంతా వంటవాళ్లే.

కోడలు అక్కడి దాకా రావడానికి ఏళ్లు పట్టింది. గిన్నెలు తోమింది, ఉల్లిపాయలు తరిగింది, సాయంత్రాలు వంట స్కూలుకి పోయి సర్టిఫికెట్ తెచ్చుకుంది, సూపుల దగ్గర చేతులు కాల్చుకుంది. కత్తి పట్టుకోవడం నేర్పింది మాత్రం మామగారే. ఆయన అదే వంటగదిలో చేపల పొయ్యి చూస్తాడు. పెద్ద చెఫ్ మానేశాక ఓనరమ్మ అందరికీ వినబడేట్టు చెప్పింది: ఈ మధ్యాహ్నం కోడలు పిలవాలి, నడిపించగలిగితే ఆ చోటు ఆమెది, లేకపోతే రేపు బయటినుంచి మనిషి వస్తాడు. చెప్పి, తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.

చీటీలు మొదలయ్యాయి. సూపులవాడిని పిలిచింది, తెచ్చి పెట్టాడు. కూరగాయల అమ్మాయిని పిలిచింది, పలికింది. చేపల దగ్గరికి వచ్చేసరికి గొంతు దానంతటదే సన్నబడింది.

"మామయ్యగారూ, రెండు చేపలు వేస్తారా అండీ."

పొగగొట్టం ఫ్యాను హోరులో ఆ మాట పొయ్యి దాకా పోలేదు. ఆయన తిరగలేదు. మళ్లీ పిలిచింది, ఈసారి ఇంకా మర్యాదగా. సూపులవాడు గరిటె తిప్పుతూనే, "ఆర్డర్ చెప్తున్నట్టు లేదక్కా, పెళ్లికి పిలుస్తున్నట్టుంది" అన్నాడు. కూరగాయల అమ్మాయి నవ్వాపుకుంది. ఓనరమ్మ నవ్వలేదు.

చేపలు ఆలస్యంగా పడ్డాయి. ఆ టేబులు సూపులు చల్లారిపోతే మళ్లీ పోయించాల్సి వచ్చింది. బల్ల మీద చీటీలు పేరుకున్నాయి. వడ్డించేవాడు తొంగి చూసి ఒకసారి, పళ్లు నూరుతూ ఇంకోసారి వెళ్లాడు.

చివరికి మామ పళ్లేలు తెచ్చి పెట్టి, ఆమె ముఖం చూడకుండా పొయ్యి దగ్గరికి పోయాడు. పైకి రెండు చేపలూ ఎర్రగా, ముచ్చటగా ఉన్నాయి. ఆమె సన్నటి ఇనప ఊచని చేప నడిమి ముల్లు పక్కన గుచ్చి, తీసి, పెదవికి ఆనించుకుంది. మొదటిది వేడిగా ఉంది. రెండోది చల్లగా తగిలింది, లోపల ఉడకలేదు.

వడ్డించేవాడు చెయ్యి చాచాడు. ఇచ్చేస్తే పోతుంది. తినేవాళ్లు గమనించకపోవచ్చు కూడా. ఇవ్వకపోతే, చేయి పట్టి పని నేర్పిన మనిషిని అందరిముందూ తప్పుపట్టాలి. ఇంటికి పోయాక ఆయన ముందే తిరగాలి. అయినా ఏమని అంటుంది? మామతో 'వెనక్కి తీసుకో' అనడానికి నాలుక తిరగదు. 'తీసుకోండి' అంటే గొంతు మళ్లీ నూతిలోకి పోతుంది. ఓనరమ్మ కట్టుకున్న చేతులు విప్పి బల్లవైపు వచ్చింది.

"చేప పచ్చి," అంది కోడలు. కేక కాదు గానీ ఫ్యాను హోరుని దాటింది. "వెనక్కి. ఇంకోటి, కొత్తది."

మాట చివర అండీ లేదు. అలాగని రా, పో కూడా లేవు.

గరిటెల చప్పుడు ఆగింది. మామ తిరిగి ఆమెను చూశాడు. వచ్చి, చేపని వేలితో నొక్కి, చెత్తడబ్బాలో వేశాడు.

"వేస్తున్నా," అన్నాడు.

ఆమె మొదటి పళ్లేన్ని మూతపెట్టి వేడి మీద ఉంచింది. తర్వాతి చీటీ చదివింది. మామ పలికాడు. చీటీలు తరగడం మొదలైంది.

జనం పలచబడ్డాక ఓనరమ్మ వచ్చి రేపటినుంచి నువ్వే అని చెప్పి వెళ్లింది. పనివాళ్లు భోజనానికి కూర్చున్నారు. మామ రోజూ కోడలి పక్కన కూర్చునేవాడు. ఇవాళ ఎదురుగా కూర్చున్నాడు. సగం తిన్నాక తలెత్తాడు.

"రేపటికి చేపలు ఎన్ని పెట్టెలు తెప్పించమంటారు?"

పెళ్లయి వచ్చిన నాటినుంచి ఆయన ఆమెను మీరు అన్నది లేదు. సూపులవాడు ముద్ద నోటి దగ్గరే ఆపాడు. ఎత్తిపొడుపా, ఒప్పుకోవడమా? ఆమె ఆయన ముఖంలో వెతికింది. అక్కడేమీ దొరకలేదు. ఆయన జవాబు కోసం చూస్తున్నాడు.

"ఇవాళ్టికన్నా ఒక పెట్టె తక్కువ," అంది. మాట అందరికీ వినబడింది.

ఆయన తలూపి కంచంలో ముళ్లు ఏరుకోవడంలో పడ్డాడు.