సీలు విప్పని పెట్టె

రూడీ కంగాస్‌కి కథల మీద ఎప్పుడూ పెద్ద ఆసక్తి లేదు. ఆయన ఆసక్తంతా పెట్టెల మీదే. టీవీ సీరియళ్ల డీవీడీలు పెట్టెలుగా వస్తాయి చూడండి, వాటిలో ఏ పెట్టె అట్ట మందం, ఏ పెట్టెలో డిస్కును పట్టుకునే పళ్లు ముట్టుకుంటే విరుగుతాయి, ఏ కంపెనీ పిసినారితనంతో నాలుగు డిస్కుల్ని ఒకదాని మీద ఒకటి ఒకే మేకుకు గుచ్చింది, ఇవన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఆ పిచ్చి ఉన్నవాళ్లంతా ఇంటర్నెట్‌లో ఒకచోట చేరి కబుర్లు చెప్పుకుంటారు. అక్కడ రూడీ మాటకు విలువ ఉంది. ఫలానా పెట్టె కొనొద్దని ఆయన రాస్తే ఇక దాన్ని కొనేవాడు లేడు.

"సీరియల్లో ఎవరు చచ్చారో అడగండి, ఈయనకి తెలీదు. పెట్టె మూల ఎక్కడ నలిగిందో అడగండి, తారీఖుతో సహా చెప్తాడు," అని ఆయన భార్య ఆర్లీన్ ఊరంతా టముకు వేసేది. వాళ్లది మిషిగన్ ఉత్తరాన, సుపీరియర్ సరస్సు ఒడ్డున మార్కెట్ అనే ఊరు. రూడీ అక్కడ ఇనప రాయిని ఓడలకెత్తే రేవులో పనిచేసి రిటైరయ్యాడు. ఆర్లీన్ బడి వంటగదిలో చేసి నిరుడు మానేసింది.

రూడీ తరహా మనుషులకి ఒక అలవాటుంది. నచ్చిన పెట్టెను రెండు కొంటారు. ఒకటి చూడ్డానికి, ఒకటి దాచడానికి. దాచేదాని మీద ఫ్యాక్టరీలో చుట్టిన ప్లాస్టిక్ పొర అలాగే ఉండాలి, గోరు తగలకూడదు. అలా దాచిన వాటిలో రూడీ ప్రాణంగా చూసుకునేది 'నార్త్ ఫెర్రీ' సీరియల్ పెట్టె. ఆకుపచ్చ గుడ్డ అతికించిన అట్ట, మీద వెండి రంగు అక్షరాలు. అలమరలో ఎండ తగలని వైపు దాని చోటు. పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తి దుమ్ము దులిపేవాడు.

ఆ సీరియల్ మాత్రం ఆర్లీన్‌ది. పెళ్లయిన కొత్తలో వారం వారం టీవీలో చూసింది. ఒక దీవిలో డాక్టరుగా పనిచేసే నోరా, దీవికి పడవ నడిపే సైలస్. వాళ్లిద్దరూ ఒకటవుతారా లేదా అన్న ఆఖరి భాగం వచ్చిన రోజున మంచు తుఫానుకి ఊళ్లో కరెంటు పోయింది. అంతే, ఆ భాగం మళ్లీ ఎక్కడా దొరకలేదు. పాటల హక్కుల గొడవ వల్ల ఇంటర్నెట్‌లోనూ పెట్టలేదు. డీవీడీలు కొన్నాక కూడా, "ఎవరూ చివర చెప్పకండి, రిటైరయ్యాక మొదట్నుంచీ చూస్తా," అని పట్టుబట్టి కూర్చుంది.

తీరా రిటైరయ్యాక కళ్లు మొరాయించాయి. చూపులో నడిమధ్య మసక మొదలైంది. అది పెరగడమే గానీ తగ్గడం ఉండదనీ, చూడాలనుకున్నవి ఆలస్యం చెయ్యకుండా చూసేయమనీ డాక్టరమ్మ ముఖం మీదే చెప్పింది. ఆర్లీన్ గ్రాండ్ కాన్యన్ అడగలేదు, పారిస్ అడగలేదు.

"నోరా ముఖం చూడాలి రూడీ. ఆఖర్న ఆవిడ ముఖం ఎలా పెడుతుందో నా కళ్లతో నేను చూడాలి," అంది.

శనివారం శనివారం సౌనా అనే ఆవిరి గదిలో చెమట కార్చుకుని వచ్చి, మాంసం, బంగాళదుంప కూరిన వేడి పాస్టీలు తింటూ చూడ్డం మొదలెట్టారు. మే నెలకల్లా ఆఖరి డిస్కుకి వచ్చారు. అది పెట్టగానే ప్లేయరు కాసేపు గొణిగి, బిక్కచచ్చి ఆగిపోయింది. రూడీ డిస్కు తీసి దీపం కింద పెట్టి చూశాడు. అంచున పాల మీగడలాంటి మరక. డిస్కులు దూర్చిన అట్ట జేబుల్లోని జిగురు కరిగి అంటుకుంది.

ఆయన చెయ్యని వైద్యం లేదు. మెత్తటి గుడ్డతో మధ్యలోంచి అంచుకి తుడిచాడు. సబ్బు నీళ్లు, కళ్లద్దాలు తుడిచే మందు, అన్నీ అయ్యాయి. పాత రికార్డుల దుకాణంలో మెషీను పెట్టి పాలిష్ పట్టిస్తే మరక పోలేదు సరికదా, డిస్కు అసలు తెరుచుకోవడమే మానేసింది.

"పోనీలే, ఇంకోటుందిగా," అంది ఆర్లీన్ అలమర వైపు చెయ్యి చూపించి.

రూడీ అలమరకి అడ్డంగా నిలబడ్డాడు. "మర్ట్‌ని అడుగుతా. వాడి దగ్గర విడి డిస్కు ఉండొచ్చు."

మర్ట్ గ్రీన్ బేలో ఉంటాడు, ఆయనలాంటి పెట్టెల పిచ్చోడే. ఫోన్లో సంగతి వింటూనే కేకేశాడు.

"ఒరేయ్, సీలు తియ్యకురా బాబూ! ఆ గుడ్డ అట్టవి విప్పనివి దేశం మొత్తం మీద ఎన్ని మిగిలాయనుకున్నావ్? నేను వెతుకుతాగా, ఆగు."

ఆగడం రూడీకి హాయిగా అనిపించింది. జూన్ గడిచింది. మర్ట్ పంపిన డిస్కుకీ అదే మరక. జూలైలో ఇంకెవరో పంపింది విరిగి వచ్చింది. ఆర్లీన్ గట్టిగా ఎప్పుడూ అడగలేదు. "నీ రాణిగారు కులాసానా?" అని అలమర దాటుతూ ఒక పోటు పొడిచేది, అంతే. ఆవిడ అరిచి గోల చేసుంటే రూడీ ఎప్పుడో దిగొచ్చేవాడు. మెత్తగా ఉన్నవాళ్ల పని ఎప్పుడూ వెనక్కే పోతుంది, ఏ ఇంట్లో అయినా అంతే.

సెప్టెంబరులో ఒక శనివారం ఆర్లీన్ పాస్టీల మీద కెచప్ అనుకుని చాక్లెట్ సిరప్ పోసింది. తిని చూసి తనే పకపకా నవ్వింది. రూడీకి నవ్వు రాలేదు. లేచి వెళ్లి అలమర తెరిచాడు. పెట్టెను ఒళ్లో పెట్టుకుని, చిన్న చాకుతో వెనక వైపు ప్లాస్టిక్ కోశాడు. పొర చిరిగిన చప్పుడుకి ఆర్లీన్ తలెత్తింది.

"ఏంటది? రూడీ, ఏం చేస్తున్నావ్?"

"రాణిగారి మేలిముసుగు తీస్తున్నా."

"అమ్మో! మర్ట్ వింటే గుండాగి పోతాడు."

"పోనీ. వాడి పెట్టెలన్నీ మనకే వస్తాయి."

నవ్వుతూనే ఆఖరి డిస్కు జేబులోంచి లాగాడు. లాగీ లాగగానే మరక కనబడింది. ఇన్నేళ్లూ గాలి తగలకుండా మూసి ఉంచిన పెట్టె. జిగురు ఎటూ పోయే దారి లేక డిస్కు మీదే పేరుకుంది. మొదటిదానికంటే ఎక్కువుంది మరక. కొన్న కొత్తల్లో విప్పి చూసుకుంటూ ఉంటే, మరక మొదలవగానే కంపెనీ నోరెత్తకుండా కొత్తది పంపేది. చూడకుండా దాచుకున్నాడు. పెట్టెల మంచిచెడ్డలు ఊరందరికీ చెప్పిన మనిషి, తన పెట్టెలో ఏముందో ఎరగడు.

వీలైనంత తుడిచి, ప్లేయర్లో పెట్టాడు. ఈసారి నడిచింది. ఆర్లీన్ కుర్చీ ముందుకి లాక్కుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సగం దాకా బాగానే సాగింది. నోరా పడవ ఎక్కుతుండగా బొమ్మ చెదిరింది. ముందు సరస్సు గళ్లు గళ్లుగా విడిపోయింది, తర్వాత పడవ, తర్వాత మనుషులు. నోరా ముఖం ఉండాల్సిన చోట పచ్చవీ ఎర్రవీ పలకలు పేర్చినట్టుంది. మాటలు మాత్రం అక్కడక్కడా తడబడుతూ వినిపిస్తున్నాయి.

రూడీ రిమోట్ అందుకున్నాడు. క్షమించమని చెప్పడానికి మాటలు వెతుక్కుంటూ భార్య వైపు తిరిగాడు.

ఆర్లీన్ చిరునవ్వుతో టీవీకేసి చూస్తోంది.

"కుదురుగా కూర్చోవయ్యా, మంచి చోట," అని కసిరింది.

"ఆర్లీన్, బొమ్మ..."

"బొమ్మకేం, బాగుంది. మొన్నటిదానిలా ఆగిపోలేదుగా. నువ్వన్నది నిజమే, సీలు తియ్యనిది సీలు తియ్యనిదే."

రూడీ టీవీ చూశాడు, ఆమెను చూశాడు. తెర నిండా గళ్లే. ఆమెకు అవి కనబడలేదు. నోరా ముఖమే కాదు, అది లేదన్న సంగతి కూడా ఆమెకు కనబడలేదు. ఎప్పట్నుంచి ఇలా? ఆగస్టు నుంచా, జూలై నుంచా? మే నెలలో ఆమె చూడగలిగేది. అప్పుడు పెట్టె విప్పి, మరక చూసుకుని, ఊరూరా తిరిగైనా మంచి డిస్కు తెచ్చి ఉంటే చూసేది. ఒక అట్టపెట్టె నలక్కూడదని ఆమె కళ్లు ఆరిపోయేదాకా కూర్చున్నాడు.

"ఆ నీలం కోటే వేసుకుంది కదూ?" అంది ఆర్లీన్.

రూడీ రిమోట్ కింద పెట్టాడు. కుర్చీ ఆమె కుర్చీకి ఆనించి కూర్చున్నాడు.

"నీలం కోటే."

"సైలస్ ఏం చేస్తున్నాడు?"

పుట్టి బుద్ధెరిగి కథ పట్టించుకోని మనిషి, ఆ గళ్లలోకి కళ్లు చించుకుని చూశాడు.

"చుక్కాని వదిలేసి వస్తున్నాడు. టోపీ తీశాడు. నోరా ఇంకా ఇటు తిరగలేదు... ఆ, తిరిగింది."

"ముఖం ఎలా పెట్టింది, చెప్పు?"

రూడీ భార్య ముఖంలోకి చూశాడు. చూస్తూ, అక్కడ ఉన్నదున్నట్టు చెప్పడం మొదలెట్టాడు.